పన్నెండు మైళ్ళ అవతల

ఏప్రిల్ 6

పొట్టోడికి,

అక్క రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ" అంటావు, "చూద్దాం" అంటావు, ఎవరో పిలుస్తున్నారని పెట్టేస్తావు. కాగితం మీద "ఊఁ" అని రాసి పంపలేవు కదా.

మీ బావ దొరకలేదు. ఇంక దొరకరని రేవులో అందరూ అనుకుంటున్నారు, నేను కనబడగానే మాట మార్చేస్తున్నారు. బోటు ఇంజను డ్రైవరూ దొరకలేదు. నువ్వు వచ్చి చూసి వెళ్ళిన రోజుల్లో మా మరిది ఆస్పత్రి మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు గుర్తుందా, మొన్నటి నుంచి మాట్లాడుతున్నాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చదువు.

"పట్టపగలు వదినా. ఎండ ఫెళ్ళున కాస్తోంది. వల నీళ్ళలో ఉంది, పక్కకి తప్పుకోలేం. ఓడ నేరుగా మా మీదకే వస్తోంది. అన్నయ్య హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను చొక్కా విప్పి ఊపుతూనే ఉన్నాను. బోటు రెండు ముక్కలైపోయింది. ముగ్గురం నీళ్ళలో పడ్డాం. ముగ్గురం బతికే ఉన్నాం వదినా! ఓడ కొంచెం నెమ్మదించింది. పైన వరండాలాంటి చోటికి గళ్ళచొక్కా వేసుకున్నవాడొకడు వచ్చి, రెయిలింగు పట్టుకుని కిందకి చూశాడు. అన్నయ్య చెయ్యెత్తాడు. వాడు చూశాడు. చూసి లోపలికెళ్ళాడు. ఓడ మళ్ళీ స్పీడందుకుంది."

సాయంత్రానికి వేరే బోటువాళ్ళు వచ్చేసరికి ఐసు పెట్టె పట్టుకుని వీడొక్కడే తేలుతున్నాడు.

ఇప్పుడు విను. మనవాళ్ళని ముంచిన ఓడ సరుకు దించడానికి మన పోర్టుకే వచ్చింది. సిమెంటట. దాని ముక్కు మీద మన బోటు నీలం రంగు గీసుకుని ఉంటే గస్తీవాళ్ళు చూసి పట్టుకున్నారు. గళ్ళచొక్కాయే కెప్టెన్. మా మరిది వేలు పెట్టి చూపించాడు. పోర్టు గెస్ట్‌హౌసులో కాపలా పెట్టి ఉంచారు. నేను కిటికీలోంచి చూశాను. కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్నాడు.

వాణ్ణి ఏం చేయాలో రాజధానిలో విదేశాంగ శాఖవాళ్ళు చెప్తారట. నువ్వు ఉండేది అక్కడే కదా? ఇంటికి దూరంగా ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తున్నావని ఎవరడిగినా ఇన్నాళ్ళూ నాకు చెప్పడం వచ్చేది కాదు. ఇప్పుడు చెప్తాను.

వాణ్ణి వదలకు.

మరదలికీ పిల్లకీ నా దీవెనలు. నీకు మాత్రం పని అయ్యాకే.

అక్క

*

ఏప్రిల్ 14

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. గుమస్తా విప్పి, నాలుగు ముక్కలు చదివి, తలవంచుకుని తెచ్చి ఇచ్చాడు. ఇకమీదట ఇంటికే రాయి.

మీ మరిది చెప్పింది చదివాక మధ్యాహ్నం దాకా ఏ పనీ చేయలేకపోయాను. బావ ఎత్తిన చెయ్యి గురించి మళ్ళీ రాయకు. నాకు కనిపిస్తూనే ఉంది.

ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది. దాని గురించి ఇంతకు మించి రాయకూడదు. కానీ నువ్వు కాగితం మీద "ఊఁ" వద్దన్నావు కాబట్టి, ఏ కేసుకైనా వర్తించే మాట ఒకటి చెప్తాను.

ఒక దేశం ఒక మనిషిని బోనెక్కించాలంటే ఆ అధికారం ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూపించాలి. మామూలుగా మూడు దారులు. నేరం మా నేల మీద జరిగింది అనొచ్చు. చేసినవాడు మా పౌరుడు అనొచ్చు. దెబ్బతిన్నవాడు మా పౌరుడు అని కూడా అనొచ్చు గానీ, అది మూడింట్లోకీ బలహీనమైన దారి, అన్ని దేశాలూ ఒప్పుకోవు. సముద్రంలో ఇంకో చిక్కుంది. తీరం నుంచి పన్నెండు మైళ్ళ దాకా నీళ్ళు మన నేల లాంటివే. ఆ అవతల ఓడ మీద ఏ దేశం జెండా ఎగురుతుంటే ఆ ఓడ ఆ దేశానిది. బోటు మునిగింది పన్నెండు మైళ్ళకు చాలా అవతల.

నువ్వు తింటున్నావా? ఐసు ఫ్యాక్టరీలో పనికి అప్పుడే వెళ్ళొద్దు. ఇక్కడ మా లిఫ్టు చెడిపోయి నెల అయింది, ఏడో అంతస్తు ఎక్కి దిగడంతో మోకాళ్ళు అరుస్తున్నాయి. పిల్లకి ముందు పన్ను ఊడింది. నీకు చూపించడానికి దాచింది.

ధైర్యంగా ఉండు.

తమ్ముడు

*

ఏప్రిల్ 22

ఒరేయ్,

ఫైలు నీ బల్ల మీదే ఉందన్నావు. ఆ ఒక్క ముక్కా చాలు. మిగతాదంతా నువ్వు చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు చెప్పే సోదిలాగే ఉంది, చదివి పక్కన పెట్టాను.

రేవంతా చెప్పేశాను. ఇంజను డ్రైవరు పెళ్ళాం వారం నుంచి ముద్ద ముట్టలేదు. దాని దగ్గర కూర్చుని "మా పొట్టోడి బల్ల మీదే ఉంది, వాడు వదులుతాడా?" అంటే లేచి ముఖం కడుక్కుంది. యూనియను ప్రెసిడెంటు నా కోసం కుర్చీ తెప్పించి వేశాడురా! ఆయన తన సొంత అత్తగారికి కూడా వేయడు.

ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. వెళ్ళకపోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. ఐసు దిమ్మలు పగలగొట్టే మిషను ముందు నిలబడితే ఆ చప్పుడులో ఎంత ఏడ్చినా ఎవరికీ వినబడదు.

ఆ ఓడ జెండా ఏ దేశానిదో పోర్టు గుమస్తాని అడిగాను. ఆ దేశానికి అసలు సముద్రమే లేదట. చుట్టూ కొండలూ ఎడారులేనట. ఓడ అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు, వెళ్ళాలన్నా లారీ మీద ఎక్కించుకుని పోవాల్సిందే. కెప్టెను ఇంకో దేశంవాడు, యజమాని మరో దేశంవాడు. ఇది ఓడా, అత్తింటివాళ్ళూ పుట్టింటివాళ్ళూ కలిసి తోలేసిన దూడా?

మన బోటుకీ జెండా ఉందిరా. ఏటా మీ బావే కొత్తది కట్టేవారు. దెబ్బ తగిలింది మన జెండా ఉన్న చెక్క మీద. అది కూడా రాసి పెట్టు.

అక్క

*

మే 5

నీకు,

ఏమని పిలవాలో తెలియక ఇలా మొదలుపెట్టాను.

నిన్న కోర్టుకి అందరం వెళ్ళాం. ఫ్యాక్టరీకి సెలవు పెట్టించి ఆడవాళ్ళని నేనే తీసుకెళ్ళాను. నా పక్కన ఇంజను డ్రైవరు పెళ్ళాం. సర్కారు వకీలు లేచాడు. మన వకీలు కదా, గళ్ళచొక్కాని కడిగేస్తాడని ముందుకి వంగి కూర్చున్నాం. "అయ్యా, ఈ కేసు విచారించే అధికారం మన దేశానికి లేదు. నిందితుణ్ణి పంపించేయడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదు" అన్నాడు. జడ్జి తలెత్తి చూశారు. "ఎవరిదీ అభిప్రాయం?" అన్నారు. వకీలు కాగితం తిప్పి కింద ఉన్న పేరు చదివాడు. నాన్న నీకు పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా, ఆ హాల్లో గట్టిగా వినబడింది.

ఇంజను డ్రైవరు పెళ్ళాం నా వైపు చూడలేదు. లేచి వెళ్ళి వేరే బెంచీ మీద కూర్చుంది.

అంతేరా. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం గళ్ళచొక్కా చక్రాల పెట్టె లాక్కుంటూ కారెక్కాడు. మా మరిది రాయి తీశాడు. నేనే చెయ్యి పట్టుకున్నాను. వాడి నెత్తి పగిలితే అది పన్నెండు మైళ్ళ లోపలే కదా, మా మరిదిని జైల్లో వేయడానికి మీకు అధికారం బాగానే ఉంటుంది.

పోయినేడు గుర్తుందా? పొరుగు దేశం బోట్లు మన చేపలు పడుతున్నాయని గస్తీవాళ్ళు పట్టుకొచ్చి మన జెట్టీకి కట్టేశారు. అది కూడా పన్నెండు మైళ్ళకు అవతలే! నెలల తరబడి వాళ్ళని ఉంచారు. వాళ్ళకి ఐసు నేనే తోలాను. అంటే అక్కడ తిరిగే చేప మనది, ఆ చేపని పట్టే మనిషి మనవాడు కాదు. చేపని దొంగిలిస్తే జైలు, మనిషిని ముంచితే కారు. ఇదేనా నువ్వు అన్నేళ్ళు దీపం కింద కూర్చుని చదివిన చదువు?

"నా బల్ల మీదే ఉంది" అన్నావు. కంచె మీద నమ్మకంతో చేనుకి కాపలా మానేశాను. కంచే మేసింది.

యూనియను ప్రెసిడెంటు కుర్చీ తీసేయలేదు. నేనే కూర్చోవడం మానేశాను.

*

మే 13

అక్కా,

పిలుపు లేకుండా, సంతకం లేకుండా నువ్వు రాసిన ఉత్తరం ఇదే మొదటిది. నీ కోపం న్యాయమైనది. అయినా సమాధానం చెప్తాను. నాకూ కోపం ఉంది.

"నా బల్ల మీద ఉంది" అంటే ఉందని అర్థం. నా చేతిలో ఉందని కాదు. నువ్వు రేవంతా చాటుతావని నేనేం కలగన్నానా?

చనిపోయినవారిలో ఒకరు మా బావ అని మా పైఅధికారికి మొదటి రోజే చెప్పాను. ఫైలు వేరేవాళ్ళకి ఇవ్వమన్నాను. ఆయన నవ్వి, "అయితే మరీ మంచిది. నువ్వు 'అధికారం లేదు' అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు" అన్నాడు. అలాంటి చోట పని చేస్తున్నాను. అయినా రాసింది నేనే, ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు.

మన బోటు జెండా గురించి నువ్వన్నది తెలివితక్కువ మాట కాదు. చాలా కాలం క్రితం ఒక పెద్ద న్యాయస్థానం సరిగ్గా అదే చెప్పింది: దెబ్బ తగిలిన చెక్క ఏ దేశానిదో ఆ దేశానికీ అధికారం ఉంటుందని. ప్రపంచంలోని ఓడలవాళ్ళంతా గగ్గోలు పెట్టారు. ప్రతి రేవులోనూ ఎవరో ఒకరు తమని జైల్లో వేస్తారని. దేశాలన్నీ కూర్చుని ఆ తీర్పుని పక్కకి నెట్టి ఒప్పందం రాసుకున్నాయి: నడిసముద్రంలో ఓడలు ఢీకొంటే కెప్టెన్ని విచారించేది జెండా దేశం, లేదా అతని సొంత దేశం, ఇంకెవరూ కాదు. మనమూ సంతకం చేశాం.

చేప సంగతి వేరు. చేపల మీద మనకి హక్కుందని అదే ఒప్పందం మరో పేజీలో రాసింది. చదువుతుంటే నీకెలా ఉంటుందో నాకు తెలుసు. రాస్తుంటే నాకూ అలాగే ఉంది.

మన రెండో వీధి కెప్టెన్ని మర్చిపోయావా? పరాయి దేశంవాళ్ళు ఆయన్ని ఇలాంటి కేసులోనే పట్టుకుని ఏడాది ఉంచారు. "మావాణ్ణి వదలండి" అని పోర్టు గేటు ముందు గొంతు చించుకుంది నువ్వు కాదా? ఆయన్ని ఇంటికి తెచ్చింది ఈ నియమమే. మనవాడికి ఒక చట్టం, పరాయివాడికి ఒకటి అంటే రేపు మన ఓడలవాళ్ళని ఎవడు వదులుతాడు?

ఇది ఇక్కడితో ఆగలేదు. ఆ కెప్టెన్ సొంత దేశానికి రాశాం, మీ పౌరుణ్ణి మీరే విచారించండి అని. వాళ్ళు స్పందించారు. సాక్షిని వాళ్ళకి అప్పజెప్పే ఏర్పాట్లు చూస్తున్నాను. మీ మరిదిని సిద్ధంగా ఉండమను.

తమ్ముడు

*

మే 20

న్యాయ సలహాదారు గారికి,

రెండో వీధి కెప్టెన్ పేరు ఎత్తావు కాబట్టి చెప్తున్నాను. ఆయన ఢీకొట్టగానే ఓడ ఆపాడు. పడవలు దించాడు. తనే నీళ్ళలోకి దూకి ఇద్దర్ని లాగాడు. వాళ్ళలో ఒకడు ఆయన కోసం ఆ పరాయి కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఆయన్నీ ఈ గళ్ళచొక్కానీ ఒకే గాటన కట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి? నీ ఒప్పందంలో ఆగినవాడికీ ఆగనివాడికీ తేడా లేదా?

నువ్వు "ఢీకొంటే, ఢీకొంటే" అని రాస్తున్నావు. ఢీకొట్టినందుకు కాదురా నా కడుపు మండేది. సముద్రం మీద తిరిగేవాళ్ళం, దెబ్బలు తగులుతాయని మాకు తెలుసు. మీ బావ చెయ్యెత్తారు. వాడు చూశాడు.

ఇంకో మాట. కెప్టెన్ని మర్యాదగా పంపించేశారు. ఇప్పుడు మా మరిదిని వాళ్ళకి అప్పజెప్తావా? ముంచినవాడు ఇంటికి, మునిగినవాడు పరాయి దేశం పోలీసుల చేతికి! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. వాడి నోరు నొక్కడానికి ఓడ కంపెనీవాళ్ళు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు, ఆ పని నువ్వు సర్కారు ముద్ర వేసి చేస్తున్నావు.

వాణ్ణి ఎవరికీ అప్పగించను. ఇక రాయకు.

*

జూలై 16

అక్కా,

రాయొద్దన్నావు, రెండు నెలలు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు. ఇది చదివాక ఇంకో రెండేళ్ళు మాట్లాడకపోయినా సరే.

నువ్వు ఏం చేశావో నీకు తెలుసా?

ఆ కెప్టెన్ దేశం ప్రాసిక్యూటరు, తన సొంత దేశస్థుడి మీద కేసు పెట్టడానికి, దుబాసీని వెంటబెట్టుకుని, రెండు విమానాలు మారి, వానలో మీ ఐసు ఫ్యాక్టరీకి వచ్చింది. నువ్వు గేటు వేసేశావట. "ఆ పేరుగలవాడు ఇక్కడ ఎవడూ లేడు" అన్నావట. ఆవిడ లాడ్జిలో వారం కూర్చుంది. ఆఖరి రోజు మళ్ళీ వస్తే ఐసు నీళ్ళ బకెట్టు తెచ్చి గుమ్మంలో పోశావట! ఇవన్నీ ఆవిడ మర్యాదగా ఒక్క వాక్యంలో రాసింది: "ప్రధాన సాక్షి సహకరించడానికి ఇష్టపడటం లేదు."

ఆ ఓడ సిబ్బందిలో ఒక్కడు నోరు విప్పడు. నీలం రంగు గీత ఢీకొట్టిందని చెప్తుంది. కెప్టెన్ బయటికొచ్చి చూశాడని చెప్పగలిగేది ప్రపంచంలో మీ మరిది ఒక్కడే. వాణ్ణి దాచావు. గళ్ళచొక్కా తరపు వకీలు కూడా ఇంత మేలు చేసి ఉండడు.

అప్పజెప్పడమంటే బేడీలు వేసి పంపడం కాదు. సాక్ష్యం చెప్పించడం. నన్ను దొంగనుకో, పిరికివాడనుకో. అమ్మ పోయాక నా జ్వరానికి రాత్రుళ్ళు కాపలా కూర్చున్నదానివి, నేను మీ మరిదిని అమ్మేస్తాననుకున్నావా?

సెప్టెంబరులో వాళ్ళ కోర్టు కేసు ఉంచాలా, కొట్టేయాలా అని తేలుస్తుంది. ఆవిడకి ఇంకా ఆశ ఉంది. నాకు లేదు.

తమ్ముడు

*

జూలై 24

పొట్టోడా,

అప్పజెప్పడం అంటే ఏమిటో నాకు నేర్పకు. దొంగని అప్పజెప్తారు, తప్పిపోయిన మేకని అప్పజెప్తారు. సాక్షిని తీసుకెళ్తారు. తెలుగు రాసేటప్పుడు మీ ఆఫీసు కుర్చీ దిగి రాయి. పైఅధికారికి రాసినట్టు అక్కకి రాస్తే ఇలాగే తగలడుతుంది.

బకెట్టు ఆవిడ మీద పోయలేదు. గుమ్మంలో పోశాను. జారితే నా తప్పు కాదు.

సరే. తప్పు జరిగింది. నీ మాట వల్ల సగం, నా తొందర వల్ల సగం. నాది ఎక్కువ సగం అని మా మరదలు పిల్లతో అంటుందిలే, అననీ.

మా మరిది నెల్లాళ్ళుగా వేరే రేవులో వలలు కుడుతున్నాడు, నేనే పంపాను. కబురు పెట్టి రప్పించాను. నీ ఉత్తరం చదివి వినిపిస్తే కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచాడు. తర్వాత, "వదినా, నన్నెందుకు దాచావు? నేను చెప్తానన్నాను కదా" అన్నాడు. అన్నని పోగొట్టుకున్నవాడు వాడు. వాడికీ ఓ నోరుందన్న సంగతి నేనే మర్చిపోయాను.

వస్తాడు. కానీ ఒక్కడే రాడు. విమానమంటే భయమట. సముద్రంలో ఐసు పెట్టె పట్టుకుని పూటంతా తేలినవాడికి విమానమంటే భయమేమిటని అడిగితే, "అక్కడ పట్టుకోవడానికి ఏముంటుంది వదినా?" అన్నాడు. నేనూ వెళ్తాను.

ఆవిడకి రాయి. గేటు తీసే ఉందని చెప్పు.

నీ మీద కోపం మాత్రం అలాగే ఉంది. ఇది వేరు, అది వేరు.

అక్క

*

ఆగస్టు 3

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే ప్రాసిక్యూటరు ఫోన్ చేసింది. గేటు సంగతి చెప్తే నవ్వింది. కాలు ఇంకా కొంచెం నొప్పిగా ఉందట.

మీ ఇద్దరి ప్రయాణం వాళ్ళ కోర్టే చూసుకుంటుంది. చలి ఎక్కువ, స్వెట్టర్లు నీ మరదలు పంపుతోంది. అడిగినదానికే జవాబు చెప్పండి. మీ మరిదిని చూసిందే చెప్పమను, అనుకున్నది చెప్పొద్దను. నువ్వు తిట్టకు. అక్కడి దుబాసీలు తిట్లు కూడా వదలకుండా అనువదిస్తారు.

నేను రాలేను. ఇటునుంచి సర్కారు మనిషి వచ్చి కూర్చుంటే, మన దేశం వాళ్ళ కోర్టుని ఒత్తిడి చేస్తోందని అవతలి వకీలు యాగీ చేస్తాడు. నిజంగా అదే కారణం. నమ్మకపోతే నీ ఇష్టం.

"ఆగినవాడికీ ఆగనివాడికీ తేడా లేదా" అన్నావు. ఆ ఒప్పందంలో "ఢీకొనడం, లేదా నౌకాయానంలో జరిగే మరే ఘటన అయినా" అని ఉంది. ఆగకపోవడం కూడా ఆ మాటలోకే వస్తుందని నేను రాశాను. ఇప్పటికీ చాలామంది అలాగే అంటారు. నీ ఉత్తరం వచ్చాక ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

తమ్ముడు

*

నవంబరు 9

తమ్ముడూ,

ఇక్కడ హోటలు గదిలో కిటికీ తెరుచుకోదు. వేడి గొట్టం ఒకటి గోడలో గురక పెడుతూ ఉంటుంది. మా మరిది నిద్రపోతున్నాడు, మార్చిలో బోటు మునిగాక ఇంత నిద్ర వాడు పోవడం ఇదే. సెప్టెంబరులో కొట్టేయకుండా ఉంచిన కేసుకి తీర్పు ఇవాళ వచ్చింది. నీకు పేపర్ల ద్వారా తెలిసే ఉంటుంది. పేపర్లో రానివి రాస్తాను.

మా మరిది బోను చెక్కని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. కానీ నోరు తెరిచాక ఆగలేదు. అవతలి వకీలు, "అంత దూరం నుంచి చొక్కా గళ్ళు ఎలా కనిపించాయి?" అన్నాడు. వీడు, "అయ్యా, మునిగిపోయేవాడు పైకే కదా చూస్తాడు. చూడటానికి ఇంకేముంది?" అన్నాడు. దుబాసీ చెప్పడం అయ్యాక ఆ వకీలు కూర్చున్నాడు.

గళ్ళచొక్కా ఆ రోజు తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. లేచి, "చుట్టుపక్కల వేరే బోట్లు ఉన్నాయనుకున్నాను, వాళ్ళు తీస్తారనుకున్నాను. అప్పటికే ఆలస్యమైందని కంపెనీ తొందరపెడుతోంది" అన్నాడు. ఏడ్చాడు కూడా. నాకు జాలి వేయలేదు. వేయనందుకు బాధా లేదు. వాడి పెళ్ళాం వెనక బెంచీలో ఉంది. బయటికొచ్చేటప్పుడు తలుపు దగ్గర ఎదురుపడ్డాం. నాకు దారి వదిలింది. ఆవిణ్ణి చూస్తే మాత్రం ఏదో అయింది, దాన్నేమంటారో తెలియదు.

వాడి వకీలు ఆఖరుకి మీ పాటే ఎత్తుకున్నాడు. పరాయి జెండా ఓడ, పరాయి మనుషులు, ఎవరిదీ కాని నీళ్ళు, ఈ కోర్టుకేం సంబంధం అని. మళ్ళీ కారు, మళ్ళీ చక్రాల పెట్టె అనుకున్నాను. జడ్జి ముసలావిడ. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. దుబాసీ నా చెవిలో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"ఈయన మా పౌరుడు. ఏ నీళ్ళ మీద ఉన్నా, ఎవరి జెండా కింద జీతం తీసుకున్నా, ఎక్కడున్నా మావాడే. మావాడు గనకే మాకు జవాబు చెప్పాలి."

ఢీకొట్టడం ప్రమాదమేనట, దానికి శిక్ష లేదు. వదిలేసి పోవడం ప్రమాదం కాదట. అది సముద్రం చేసిన పని కాదు, మనిషి చేసిన పని అంది. దానికే జైలు. ఎన్నేళ్ళన్నది నాకు తక్కువే అనిపించింది. ఎంత వేసినా అలాగే అనిపించేదేమో.

హాల్లో మా వైపు కూర్చున్నవాళ్ళందరూ నా చెయ్యి పట్టుకున్నారు. ప్రాసిక్యూటరు కౌగిలించుకుంది. నేను సంతోషించాలి. కానీ మెట్లు దిగుతుంటే కోపం మళ్ళీ పొంగుకొచ్చిందిరా, ఏప్రిల్లో కన్నా ఎక్కువ.

ఎక్కడున్నా మావాడే! ఈ మాట చంపినవాడి గురించి వాడి దేశం అంది. చచ్చినవాడి గురించి మన దేశంలో ఎవరన్నారు? పరాయి ముసలావిడ తన పౌరుడి కోసం అన్న మాట, మీ బావ కోసం మీ ఏడో అంతస్తులో ఒక్కరికి నోట రాలేదే. ఓడిపోతే ఓడిపోయేవాళ్ళం. వీడు మావాడు, పన్నెండు మైళ్ళ అవతలున్నా మావాడే, మేం అడుగుతాం అని ఒక్కసారి అని ఓడిపోయి ఉంటే నేను నీ కాళ్ళు కళ్ళకద్దుకునేదాన్ని. మీరు అడక్కుండానే తలుపేశారు. ఆవిడ ఢీకొట్టడాన్నీ వదిలేయడాన్నీ రెండు చేసి చూసింది. నువ్వు ఒకటే చేసి రాశావు. రెండు చేసి చూడటం నీకు చేతకాక కాదు, ఇంకా తేల్చుకోలేదని నువ్వే రాశావు కదా. తేల్చుకోకుండానే సంతకం ఎందుకు పెట్టావు?

ఈ ప్రశ్న నేనొక్కదాన్నే అడిగితే సరిపోదు. ఇంజను డ్రైవరు పెళ్ళాం అడగాలి. ఆవిడ ఆ బెంచీ నుంచి ఇంకా లేవలేదు, మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది, తల తిప్పదు. యూనియను అడగాలి. రేపు సముద్రం మీదకి వెళ్ళేవాళ్ళు అడగాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున్న వలల షెడ్డులో అందర్నీ కూర్చోబెడుతున్నాను. నువ్వు వస్తున్నావు. వీలు చూసుకుని కాదు, సెలవు దొరికితే కాదు. వచ్చి నిలబడి, ఏం రాశావో, ఎందుకు రాశావో, ఇప్పుడు రాయాల్సొస్తే ఏం రాస్తావో వాళ్ళ ముఖాలు చూసి చెప్పు. నీ ఆఫీసు మాటల్లో కాదు. వాళ్ళు అరుస్తారు. నేనూ అరుస్తాను. అడ్డుపడతాననుకోకు.

అక్కడ నాకు అధికారం లేదు, ఇది నా పరిధి కాదు అని మాత్రం రాయకు. నువ్వు ఏ ఊళ్ళో, ఎన్నో అంతస్తులో కూర్చున్నా మావాడివే. మావాడివి గనకే మాకు జవాబు చెప్పాలి. తప్పించుకోవడానికి నీ నెత్తిన ఇంకో జెండా లేదు.

మరదల్నీ పిల్లనీ తీసుకురా. భోజనం ఇంట్లోనే.

ముందు షెడ్డు.

అక్క